వల అవతలిగట్టుది, తాడు మాది

మొన్న శుక్రవారం మా అన్నయ్య కువైటు నుంచి ఒక వీడియో పంపేడండి. అక్కడ శుక్రవారం సెలవు కదా, క్యాంపు వెనకాల ఇసకలో వాలీబాల్ ఆడుకుంటున్నారు. నేను మిషను మీద ఎవరిదో జాకెట్టుకి చేతులు తగిలిస్తున్నదాన్ని, కాలు ఆపేసి చూసేను. అన్నయ్య ఎగిరి ఒక్కటి కొట్టేడు. బంతి అవతల పడింది, అందరూ అరిచేరు, ఒకడు పరిగెత్తుకొచ్చి అన్నయ్యని నడుం పట్టుకుని పైకెత్తేసేడు. ఎవడబ్బా ఇంత ప్రేమగలవాడు అని ఫోను దగ్గరగా పెట్టుకుని చూస్తే, మా కాలవకి అవతలిగట్టు మేస్టారి అబ్బాయండి! ఇద్దరిదీ ఒకటే రంగు బనీను. మీకిది వింతగా ఉండదు లెండి, ఒక ఊరి పిల్లలు ఒక పక్కన ఆడుకుంటే ఏంటమ్మా అంటారు. మా పేటలో ఎవర్నైనా అడగండి, కాలవ ఎదురు పారిందన్నా నమ్ముతారు గానీ ఇది నమ్మరు.

ఆ ఫోను తీసుకెళ్ళి మా పెదనాన్నకి చూపించేను. ఆయన వసారాలో మంచం మీద కూర్చుని చీపురుకి కొబ్బరి ఈనెలు చీరుతున్నారు. కళ్ళజోడు సర్దుకుని మొదట్నించీ చివరిదాకా చూసేరు. "ఎవరి మీద ఆడుతున్నారమ్మా?" అన్నారు. కేరళ వాళ్ళ మీదంట పెదనాన్నా అన్నాను. "ఆ ఎత్తుకున్నాయన మేస్టారి అబ్బాయి కదూ?" ఆయ్ అన్నాను. కళ్ళు లాగుతున్నాయని ఫోను నా చేతికిచ్చేసి మళ్ళీ ఈనెలు పట్టుకున్నారు. నేను ఇంటికొచ్చేసి మిషను ముందు కూర్చున్నాను గానీ ఆ పూట జాకెట్టు ముందుకు సాగలేదండి.

మా పేటకీ అవతలిగట్టుకీ మధ్యన ఉన్నదల్లా ఒక పంటకాలవ. ఇటు దగ్గితే అటు వినపడుతుంది. వెనకటికి రెండు కొబ్బరి దుంగలు పడేసి దాటేవారు, నాకు ఊహ తెలిసేసరికి సిమెంటు వంతెన వచ్చింది. ఇటు పిల్లనిచ్చుకున్నాం, అటు పిల్లని తెచ్చుకున్నాం, అందుకే మగాళ్ళందరూ ఒకళ్ళనొకళ్ళు బావగారూ అనుకుంటారు. పాస్టరు గారు కూడా రెండు గట్లకీ ఒక్కరే. పొద్దున్నే మా చర్చిలో ఆరాధన చేసి, సైకిలెక్కి వంతెన దాటి అక్కడ అదే వాక్యం మళ్ళీ చెప్పేవారు. మాకు దేంట్లోనూ గొడవల్లేవు. ఒక్క వాలీబాల్ దగ్గరే మా వాళ్ళు మనుషులు కారు.

ఆ పోటీ ఎప్పుడు మొదలయ్యిందో సరిగ్గా చెప్పేవాళ్ళు లేరండి. పూర్వం రెండు గట్ల పెద్దలూ కలిసి అంతర్వేది వెళ్ళి, అక్కడ వలలల్లే వాళ్ళ చేత ఒక వల అల్లించుకొచ్చేరంట. నూలు తాడుతో, ముడి ముడికీ గట్టిగా, చేపలకి కాదు, బంతికి. కట్టుబాటు ఏంటంటే, కిస్మస్ మర్నాడు ఆట. నెగ్గినవాళ్ళ దగ్గర ఆ వల ఏడాదంతా ఉంటుంది. ఓడినవాళ్ళు వల కట్టకూడదు. రెండు పోక కర్రలు పాతుకుని మధ్యన కొబ్బరితాడు కట్టుకుని ఆడుకోవాలి. నెగ్గినవాళ్ళు ఓడినవాళ్ళకి ఆ మధ్యాహ్నం భోజనం పెట్టాలి. ఇంకోటి, ఎవరికైనా మనిషి తక్కువైతే అవతలివాళ్ళని అడగొచ్చు. అడిగితే లేదనకూడదు. ఎవరు కావాలో అడిగినవాళ్ళే కోరుకుంటారు. మేం గోదావరి వాళ్ళం కదండీ, ఇంటికొచ్చినాయనకి మంచి ముక్క దాచుకుని ముల్లు వడ్డించకూడదు, ఆటలోనూ అదే మర్యాద. వైపుకి ఆరుగురు లేకుండా మాత్రం ఆట లేదు, ఆట లేకుండా వల వంతెన దాటదు.

మా మామ్మ ఈ ఇంటికి కాపరానికొచ్చిన కొత్తలో వల మా గట్టు మీదే ఉండేదంట. మా పెదనాన్న పుట్టినాక మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పుడాలోచిస్తే తెలుస్తుంది గానీ అప్పుడెవరికీ తోచలేదు. తాడు మీద ఆడితే బంతి తాడు పైనుంచి వెళ్ళిందో కిందనుంచి వెళ్ళిందో ఎవరు చెప్తారండీ? పైనుంచే వెళ్ళిందని ఒకళ్ళు, నీ కళ్ళకి పొరలు కమ్మేయా అని ఇంకొకళ్ళు. మా కుర్రాళ్ళకి ఆట కన్నా వాదన బాగా వచ్చేసింది. ఏడాదంతా కింద నుంచి కొట్టి పైనుంచి కొట్టేనని దబాయించినవాళ్ళు, కిస్మస్ మర్నాడు నిజం వల ముందు నిలబడితే ఏం చేస్తారు? కొట్టిన ప్రతి షాటూ పోయి వలలో పడేది. ఓడిపోయి మళ్ళీ తాడు దగ్గరికొచ్చేవారు. తాడు మీద ఆడేరు గనక మళ్ళీ ఓడేవారు.

అమలాపురంలో కొనుక్కుంటే పోలేదా అంటారు మీరు. అందరూ అదే అన్నారు. ఒకసారి గల్ఫు నుంచి సెలవుకొచ్చిన మా పేటాయన ఒకరు మంచి నైలాను వల తెచ్చిచ్చేరు కూడా. పెదనాన్న రెండు చేతులా తీసుకుని, "చాలా సంతోషం బాబూ, గొప్ప మనసు" అని, మర్నాడు దాన్ని గద్దలు తన్నుకుపోకుండా కోడిపిల్లల దొడ్డి మీద పరిచేసేరు. కొన్న వల కట్టుకుంటే ఇంక ఆ వల మాకు రాదని ఒప్పుకున్నట్టే కదా అని ఆయన లెక్క. ఆ ఏడు మా కోడిపిల్లలు ఒక్కటి పోలేదండి. ఆటలో మాత్రం మామూలే.

పెదనాన్నది కొబ్బరికాయల ఒలుపు పని. నేలలో పాతిన గునపం మీద కాయ ఎత్తి పొడిచి, మణికట్టు ఒక్క తిప్పు తిప్పితే డొక్క ఊడొచ్చేసేది. ఆ భుజాలు చూసి మా గట్టు ఆడవాళ్ళందరూ ఈయనున్నంత కాలం మనకి ఢోకా లేదనుకునేవారు. ఆయనున్నంత కాలమూ ఓడిపోయేం, అది వేరే సంగతి. అవతలిగట్టు కెప్టెను మేస్టారు. ఎలిమెంటరీ బడిలో పని, సన్నగా పోక చెట్టులా ఉండేవారు, గట్టిగా కొట్టేవారే కాదు, ఖాళీ ఎక్కడుందో చూసి అక్కడ పడేసేవారు. వీళ్ళిద్దరి మాటలు వినడానికే జనం ముందొచ్చి కూర్చునేవారండి. "ఏవండీ బావగారూ, తాడు కులాసాయేనా? ఈ ఏడు కొత్తది పేనించేరంట?" అనేవారు మేస్టారు. "ఆయ్, పేనించేవండి. పై ఏడు తమరికిచ్చేదే కదా అని కాస్త బలంగానే పేనించేం" అనేవారు మా పెదనాన్న. అంతా గారూ, తమరూ. ఒక్క మాట తూలేది కాదు, ఒక్క మాట గుచ్చకుండా పోయేది కాదు.

మా వైపు గొంతు మా మామ్మది. తాటాకు చాప మీద ముందు వరసలో కూర్చుని, ఇత్తడి పళ్ళెం, గరిటె పట్టుకుని వాయించేది. అది చాలక ప్రార్థన. "ప్రభువా, ఆ సర్వీసు కొట్టే అబ్బాయి మంచోడే, ఆళ్ళమ్మ నాకు తెలుసు, ఈ ఒక్క బంతికీ చెయ్యి తిమ్మిరెక్కించు తండ్రీ" అని పైకే అనేసేది. అంపైరు పాస్టరు గారే కదా, కాలవగట్టు మీద కుర్చీలోంచి, "అమ్మగారూ, అలాంటివి అడక్కూడదండి" అనేవారు. "మీరు ఆటకి అంపైరండి, ప్రార్థనకి కాదు" అనేది మామ్మ. అవతల కూడా ఒక మామ్మ ఇలాగే ప్రార్థన చేసేది. దేవుడు ఎవరి మాట వినాలో తేలక ఊరుకునేవాడని మా నాన్న అనేవారు. ఆట అయ్యేక వాళ్ళ పందిట్లో విస్తళ్ళు వేసేవారు. వేటమాంసం కూర అంత బాగా మా గట్టు మీద ఎవరూ వండరండి, ఉన్న మాట. చిన్నపిల్లలం మేం ఏడుపు మొహాలు పెట్టుకునే రెండోసారి అడిగేవాళ్ళం. మామ్మ మాత్రం ఏ ఏడూ మొత్తం తినలేదు. రెండు ముద్దలు తిని, "ఉప్పెక్కువయ్యింది" అని లేచిపోయేది.

ఇలా ఉండగా మా అన్నయ్య అమలాపురం కాలేజీలో చేరేడు. నాకు పదితోనే చదువు ఆగిపోయింది, మిషను నేర్చుకుంటున్నాను. అన్నయ్యకి కాలేజీలో వాలీబాల్ టీములో చోటొచ్చింది. అక్కడ ఉన్నది వల! రోజూ సాయంత్రం వల మీద ఆడి, ఆఖరి బస్సు పట్టుకుని ఇంటికొచ్చేవాడు. పెదనాన్న బస్సు దిగేచోటికే వెళ్ళి నిలబడేవారు. దార్లోనే అడిగేవారు, ఇవాళ ఎన్ని వలకి తగిలేయిరా అని. మొదట్లో చాలా అనేవాడు. పోనుపోను ఒకటీ రెండూ అనేవాడు. ఒకరోజు, ఒక్కటి కూడా తగల్లేదు పెదనాన్నా అన్నాడు. ఆయన ఇంటికొచ్చేక అన్నయ్య భుజానికి కొబ్బరినూనె పట్టించి, తెల్లారేక మా అమ్మతో, "మరదలు పిల్లా, వాడికి రోజూ గుడ్డు పెట్టమ్మా" అన్నారు.

అప్పటికి పెదనాన్న మోకాళ్ళు అరిగిపోయేయి. చర్చిలో మోకరించి లేవాలంటే బల్ల పట్టుకోవాల్సొచ్చేది. ఆయనకి ఇంక ఆ ఒక్క ఏడే. ఆడి నెగ్గి, ఆ వల తన భుజం మీద వేసుకుని వంతెన దాటాలి. ఇంకేమీ అక్కర్లేదు ఆయనకి. పేటందరికీ తెలుసు. ఆ కిస్మస్ ఆరాధనలో పాస్టరు గారు వాక్యం చెప్తుంటే, ఎవరికీ చెవికెక్కలేదు, అందరూ అన్నయ్య భుజం వంకే చూస్తున్నారు.

మర్నాడు పళ్ళెం, చాపలు, మంచినీళ్ళ బిందెలు అన్నీ పట్టుకుని వంతెన దాటేం. సున్నంతో గీతలు గీసేరు, వల బిగించి కట్టేరు. తెల్లగా, ఎండలో మెరుస్తోంది. అవతలివాళ్ళు మాత్రం ఐదుగురే నిలబడున్నారు. మేస్టారు తల వంచుకుని వచ్చేరు. వాళ్ళబ్బాయి, ఇంకో ఇద్దరు ఆ నెలలోనే కువైటు వెళ్ళిపోయేరంట. ప్రయాణం వాయిదా పడుతుందేమోనని ఆఖరిదాకా చూసేరంట. "మనిషి తక్కువయ్యేడు బావగారూ. ఆట వద్దంటే మానేద్దాం, మీ ఇష్టం" అన్నారు.

మానేస్తే వల అక్కడే ఉండిపోతుంది. పై ఏడు చూద్దామంటే వాళ్ళు ఐదుగురు కూడా ఉండరు. ఇది మా చాపల మీద వాళ్ళకి కూడా తెలిసిపోయింది. పెదనాన్న వల వంక ఒకసారి చూసేరు.

"అడగండి బావగారూ. ఎవరు కావాలి?" అన్నారు.

ఎవర్నో నీళ్ళబిందె మోసేవాణ్ణి కోరుకోవచ్చు మేస్టారు. కానీ అలా కోరితే, మీ మీద జాలిపడి తక్కువవాణ్ణి అడిగేనని అవమానించినట్టు కాదూ? "మీ అబ్బాయినివ్వండి" అన్నారు.

పళ్ళెం మీద గరిటె ఆగిపోయింది. అన్నయ్య, "పెదనాన్నా, నేనెళ్ళను" అన్నాడు. మామ్మ చాప మీద నుంచే, "ఎల్లరా నాయనా, ఎల్లి వలకి కొట్టు, నీకెవరు నేర్పాలి, ఇంటా వంటా ఉన్న విద్యే కదా" అని గుసగుసగా అంది. మామ్మ గుసగుస కాలవ దాటి వినిపిస్తుందండి. అవతలివాళ్ళు కూడా నవ్వేరు. పెదనాన్న నవ్వలేదు. అన్నయ్య దగ్గరికెళ్ళి అందరూ వినేటట్టే చెప్పేరు. "ఏ గట్టున నిలబడితే ఆ గట్టువాడివి. తగ్గి ఆడేవని తెలిసిందో, ఇంక నా మొహం చూడకు."

మా వైపు ఆరోవాడిగా మా నాన్న దిగేరు. మా నాన్న అప్పటిదాకా బంతి ముట్టుకున్నది కాలవలో పడితే తీసివ్వడానికే. అయినా చెప్పకూడదు గానీ మా వాళ్ళు అలా ఆడటం నేనెప్పుడూ చూడలేదండి. ఏడాదంతా ఆదివారాల్లో అన్నయ్యతో కలిసి ఆడేరు కదా, కాస్త వలబుద్ధి వాళ్ళకీ అబ్బింది. మొదటి ఆట మేం నెగ్గేం. రెండోది వాళ్ళు నెగ్గేరు. మూడోదానికి ఎండ నెత్తి మీదకొచ్చింది. పెదనాన్న ఒక్కో బంతికీ లేచి, ఒక్కో బంతికీ మోకాలు పట్టుకుంటున్నారు. అన్నయ్యకి మాలో ఎవరికి ఎడమచెయ్యి ఆడదో తెలుసు, ఎవరు ఎండకి కళ్ళు చికిలిస్తారో తెలుసు, పెదనాన్న ఏ పక్కకి తిరగలేరో రోజూ ఆ మోకాళ్ళకి నూనె రాసే వాడికి తెలియదా?

ఆఖరి బంతి. రెండు వైపులా సమానంగా ఉండి, వాళ్ళొక్కటి ముందుకెళ్ళేరు. మేస్టారు మెల్లిగా పైకి లేపేరు. అన్నయ్య ఎగిరేడు. ఇటు పెదనాన్న, ఆ మోకాళ్ళతో, రెండు చేతులూ చాపి ఎదురు లేచేరు. అన్నయ్య గట్టిగా కొట్టలేదండి. వేళ్ళతో అలా తోసేడు. బంతి పెదనాన్న తల మీదుగా వెళ్ళి, ఆయన కుడి వెనకాల, ఎవరూ లేనిచోట, ఇసకలో పడింది. తిరగబోయి ఆయన ఒక మోకాలి మీద కూలబడిపోయేరు.

ఎవరూ అరవలేదు. అవతలివాళ్ళు ఎలా అరుస్తారు, కొట్టింది మా పిల్లాడాయె. మేమెలా ఏడుస్తాం, నెగ్గింది మా పిల్లాడాయె. పాస్టరు గారు ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయేరు. మామ్మ ఒక్కతే పళ్ళెం మీద ఒక్క దెబ్బ వేసి, "ఎంత బాగా వేసేడ్రా దరిద్రుడు" అని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అన్నయ్య వల కిందనుంచి దూరి వచ్చి పెదనాన్నని లేవదీసేడు. ఆయన ఇసక దులుపుకుని, "మేస్టారి ఆట ఎప్పుడు నేర్చుకున్నావురా" అన్నారు. అంతే. విస్తళ్ళ దగ్గర ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు, ఇద్దరూ తినలేదు.

వేసవిలో అన్నయ్యకి వీసా వచ్చింది. వెంట ఇంకొకళ్ళు, ఆ వెంట ఇంకొకళ్ళు. తాడు కట్టడానికి మా గట్టు మీద రెండో కొస పట్టుకునేవాళ్ళు లేకపోయేరు. ఆ డిసెంబరులో ఒక మధ్యాహ్నం మేస్టారు సైకిలు మీద వచ్చేరు. వెనకాల క్యారేజీకి ఆ వల చుట్టి కట్టుకొచ్చేరు. నేను గుమ్మంలో మిషను దగ్గరున్నాను. ఆయన దాన్ని విప్పి వసారాలో బల్ల మీద పెట్టేరు. "మా వైపు ముగ్గురం మిగిలేం బావగారూ. ఇంక ఆటేం ఉంటుంది. ఇది మీ దగ్గర ఉండనివ్వండి" అన్నారు.

తీసుకోండి పెదనాన్నా, తీసుకోండి అని లోపల్లోపల అనుకుంటున్నాను. ఎప్పట్నించీ ఎదురుచూసింది గుమ్మంలోకి వచ్చి కూర్చుంది కదా. పెదనాన్న దాని మీద చెయ్యి వేసేరు. అలా తడుముతూ తడుముతూ ఒకచోట ఆగేరు. రెండు ముడులు ఊడి అక్కడ వల కన్ను పెద్దదైపోయింది. "అమ్మాయ్, మందంగా ఉన్న దారమేమైనా ఉంటే పట్రా" అన్నారు. తెచ్చిచ్చేను. మేస్టారు రెండు చేతులా వలని లాగి పట్టుకున్నారు, పెదనాన్న ఆ మొద్దు వేళ్ళతో కుస్తీ పడి ముడులు వేసేరు. అమ్మ కాఫీ తెచ్చింది, చల్లారిపోయింది.

ముడులు బిగిసేయో లేదో లాగి చూసుకుని, పెదనాన్న వలని జాగ్రత్తగా చుట్టేరు. మెల్లిగా లేచి, కుంటుకుంటూ వెళ్ళి, తనే సైకిలు క్యారేజీకి కట్టేరు.

"ఆడకుండా ఎలా తీసుకుంటానండీ. వచ్చే ఏడు ఆడి తెచ్చుకుంటాం లెండి" అన్నారు.

మేస్టారు సైకిలు హేండిలు పట్టుకున్నారు. "ఆయ్. రండి మరి. భోజనాలు మా దగ్గరే" అన్నారు.

"ఈసారైనా ఉప్పు చూసి వెయ్యమనండి" అని లోపల్నించి మామ్మ అరిచింది. ముగ్గురూ నవ్వేరు. నేను నవ్వలేకపోయేను. రెండు గట్లూ కలిపి చూసుకున్నా ఆడే మగాళ్ళు ఆరుగురు లేరని ఆ ముగ్గురికీ తెలుసు. సైకిలు వంతెన ఎక్కి, అటు దిగి, చెట్ల చాటుకి వెళ్ళిపోయేదాకా పెదనాన్న వాకిట్లోనే నిలబడ్డారు.

ఆ తర్వాత మామ్మ పోయింది. మేస్టారూ పోయేరు. కిస్మస్‌లు వస్తానే ఉన్నాయండి, క్యాలెండర్లు మారుతానే ఉన్నాయి. ఆ రోజు వాళ్ళిద్దరూ మాటిచ్చుకున్న వచ్చే ఏడు మటుకు ఈ గట్టుకీ రాలేదు, ఆ గట్టుకీ రాలేదు.